ఇల్లు కాలిపోయిందా? ముందు బూడిద ఎత్తకండి

ఇల్లు కాలిన రోజు ఊరంతా సాయానికి వస్తుంది. ఒకరు పార తెస్తారు, ఒకరు తట్ట తెస్తారు, సాయంత్రానికి స్థలం ఊడ్చి నీళ్లు చల్లి ముగ్గేసినట్టు చేసి పెడతారు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ మీకు రావాల్సిన డబ్బులో సగం ఆ తట్టల్లోనే పోతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మాది ప్రకాశం జిల్లా కొండపి వైపు ఒక చిన్న ఊరు. రెండేళ్ల కిందట మార్చిలో, పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లు రాత్రీపగలూ మండుతున్న రోజుల్లో, ఒక బ్యారన్‌లో ఆకు జారి కాలే గొట్టం మీద పడింది, బ్యారన్ అంటుకుంది, గాలికి నిప్పురవ్వలు లేచి పక్కనున్న వామి మీద, అక్కడి నుంచి మా బాబాయి ఇంటి తాటాకు చూరు మీద పడ్డాయి. ఇరవై నిమిషాలు పట్టలేదు. మట్టిగోడలు, తాటాకు కప్పు, ముందు రేకుల వసారా. గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. మనుషులకి ఏం కాలేదు, అంతవరకు దేవుడి దయ. ఆ తర్వాత ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ నేనే తిరిగాను, అందుకే వరసగా రాస్తున్నాను. ఉదయగిరి, రాపూరు వైపు కొండకి నిప్పంటుకుని రవ్వలు వచ్చి పడినా, షార్ట్ సర్క్యూట్ అయినా, గ్యాస్ అయినా వరస ఇంచుమించు ఇదే.

ముందు ఫోన్లు. 101కి గానీ 112కి గానీ చేయండి. మంట ఆరిపోయింది కదా ఇంక ఫైరింజన్ ఎందుకులే అని ఆపకండి. బండి వచ్చి వెళ్లినట్టు ఫైర్ స్టేషన్‌లో నమోదైతేనే రేపు మీరు అర్జీ పెట్టుకుంటే ఫైర్ సర్టిఫికెట్ తేలిగ్గా ఇస్తారు. ఎన్ని గంటలకు ఫోన్ వచ్చింది, కారణం ఏమనుకుంటున్నారు, ఎంత నష్టం అనేవి దాంట్లో ఉంటాయి. కరెంటు వల్ల అనిపిస్తే 1912కి చెప్పి, ఆ ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. కరెంటు కంపెనీ నెల్లూరు జిల్లా వాళ్లది ఎస్పీడీసీఎల్, ప్రకాశం వాళ్లది సీపీడీసీఎల్, అర్జీ మీద పేరు తప్పు రాస్తే అది ఊళ్లు తిరిగి వస్తుంది. పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఇది అసలు మర్చిపోకూడదు.

గ్యాస్ సిలిండర్ వల్ల జరిగితే అదే రోజు డీలరుకి రాతపూర్వకంగా చెప్పండి. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, కనెక్షన్ తీసుకున్న ప్రతి ఇంటికీ ఆయిల్ కంపెనీల బీమా ఉంటుంది, మనం ప్రీమియం కట్టక్కర్లేదు. రిజిస్టరైన అడ్రసులో ఆస్తి నష్టానికి ఒక ప్రమాదానికి 2 లక్షల దాకా, మనిషి పోతే 6 లక్షలు. డీలరు కుర్రాడు "అవేం రావండీ" అన్నా సరే, కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకునే రండి.

ఇప్పుడు ఫోటోలు. బూడిద చల్లారగానే, ఎవ్వరూ ఏదీ కదపకముందే, నాలుగు మూలల నుంచీ తీయండి. ఆ తర్వాత దగ్గరగా గోడ మందం, పునాది రాయి, కాలిన దూలం, ద్వారబంధం, కరెంటు మీటరు, బీరువా, మంచం, ధాన్యం బస్తాలు, కాలిన ఎరువు సంచులు కూడా. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే తేదీ, చోటు రెండూ ఫోటోలోనే ఉండిపోతాయి. పక్కింటి నుంచి చూపిస్తూ ఒక వీడియో కూడా తీయండి, ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసేట్టు.

మేం ఏం చేశామో తెలుసా? ఏమీ తీయలేదు. మా పిన్ని ఏడుస్తూ ఉంటే ఫోన్ తీయడం ఎబ్బెట్టుగా అనిపించింది. మూడో రోజు వీఆర్వో గారు వచ్చేసరికి స్థలం ఊడ్చేసి ఉంది, తడికి మెత్తబడిన మట్టిగోడలు పిల్లల మీద పడతాయని మా వాళ్లే పడగొట్టేశారు. ఆయన చూసింది నాలుగు కర్రలు, ఒక బూడిద కుప్ప. పంచనామాలో "గుడిసె" అని రాశారు.

ఆ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలి, ఈ వ్యవహారం మొత్తానికి కీలకం అదే. అగ్నిప్రమాదం కూడా విపత్తుల జాబితాలో ఉంది, తుపాను, వరదలతో పాటు. దానికి కేంద్రం రాష్ట్ర విపత్తు నిధి కింద రేట్లు పెట్టింది. 2022-26 కాలానికి పెట్టిన లెక్క ప్రకారం పూర్తిగా నాశనమైన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. గుడిసెకి 8,000. ఇల్లు కొంతే దెబ్బతింటే, అదీ కనీసం 15 శాతం, పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. బట్టలకి కుటుంబానికి 2,500, వంటసామానుకి మరో 2,500. ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000. కొత్త రేట్లు వచ్చాయేమో మీరు వెళ్లిన రోజు తహసీల్దార్ ఆఫీసులో అడగండి, కానీ ఇల్లు వేరు, గుడిసె వేరు అనే తేడా మాత్రం ఎప్పుడూ అడ్డం వచ్చేదే.

గుడిసె అంటే నిబంధనల్లో రాసింది ఏంటంటే, కచ్చా ఇంటికంటే తక్కువది, తాత్కాలికంగా వేసుకున్నది, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలు లాంటివాటితో కట్టినది, రాష్ట్ర, జిల్లా అధికారులు మామూలుగా గుడిసెగా గుర్తించేది. మా బాబాయి ఇంటిది తాటాకు కప్పే. కానీ మూరెడు మందం మట్టిగోడలు, రాతి పునాది, టేకు ద్వారబంధం, పాతికేళ్ల ఇంటిపన్ను రసీదులు, సొంత మీటరు. అది గుడిసె ఎట్లా అవుతుంది? మనం మాత్రం మాటల్లో "మా గుడిసె కాలిపోయిందయ్యా" అంటాం, అలవాటు కొద్దీ, కాస్త జాలి కోసమూ. ఆ మాటే పంచనామాలో పడితే లక్షా పన్నెండు వేల తేడా. కాబట్టి అధికారులు వచ్చినప్పుడు ఇల్లు అనే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, గోడలు చూపించండి, పునాది కొలిపించండి. నిజంగానే పట్టా కప్పిన గుడిసె అయితే దాన్ని పక్కా ఇల్లని చెప్పమనడం లేదు. అట్లా చెప్పి దొరికిపోతే అసలుకే మోసం.

ఇంకో మెలిక, ఆ ఇల్లు అధికారికంగా కట్టుకున్నదేనని ధ్రువీకరణ ఉండాలి. ఇక్కడే పోరంబోకులో ఉన్నవాళ్లు, ముఖ్యంగా నెల్లూరు జిల్లాలో చెరువు కట్టల మీదా, కాలవ గట్ల మీదా ఉండే యానాదుల కుటుంబాలు నష్టపోతున్నాయి. పట్టా లేకపోయినా ఇంటిపన్ను, కరెంటు బిల్లు, ఓటరు కార్డు మీద డోర్ నంబరు, రైస్ కార్డు అడ్రసు, ఏది ఉంటే అది జత చేయండి. పనిలో పనిగా ఇంటి స్థలం పట్టాకి విడిగా ఇంకో అర్జీ పెట్టండి, రెండూ ఒకే కాగితంలో కలిపితే రెండూ ఆగుతాయి.

పంచనామా రాసేటప్పుడు మీరు, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు పక్కనే ఉండండి. చదివించుకోండి. సంతకం పెట్టాక ఫోటో తీసుకోండి. తప్పు రాశారనిపిస్తే వీఆర్వోతో గొడవ పడకండి, ఆయన్తో మనకి ఇంకా ఏడాది పని ఉంది. తహసీల్దార్‌కి మళ్లీ విచారణ కోరుతూ అర్జీ పెట్టండి. మేం అదే చేశాం. పాత పన్ను రసీదులు పంచాయతీలో నకలు తీయించాం, మా చెల్లెలి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్‌లో వెనకాల గోడా గుమ్మమూ స్పష్టంగా కనిపించే ఫోటో ఒకటి దొరికింది (ఆల్బమ్ మా ఇంట్లో ఉండబట్టి బతికింది). ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారు వచ్చి పునాది తవ్వి చూసి మార్చి రాశారు. అయిదు నెలలు పట్టింది. ఫోటోలు మొదటి రోజే ఉండుంటే అయిదు వారాల్లో అయ్యేది.

పశువులు పోతే కళేబరం పూడ్చకముందే పశువైద్యుడి చేత పోస్టుమార్టం చేయించండి. పాడి గేదెకి, ఆవుకి 37,500, గొర్రెకి, మేకకి 4,000 చొప్పున అదే నిధి నుంచి వస్తుంది. పెద్దవైతే మూడు, చిన్నవైతే ముప్పై దాకానే లెక్క. పోస్టుమార్టం కాగితం లేకపోతే ఆ డబ్బు రావడం కష్టం.

ఇక బూడిదలో డబ్బు. మా బాబాయి పొగాకు అమ్మిన డబ్బు కొంత రేకుపెట్టెలో ఉంది. పెట్టె పైకి బాగానే ఉంది, మసి పట్టిందంతే. మూత తీస్తే నోట్ల కట్ట కట్టలాగే కనిపించింది, నల్లగా, అంచులు కూడా సరిగ్గా ఉన్నాయి, గాంధీగారి బొమ్మ నీడలాగా ఇంకా తెలుస్తోంది. బాబాయి వేలు పెట్టగానే అప్పడంలా విరిగింది. ఇంకోటి తీయబోయారు, అదీ పొడి. నేను ఆపేసరికి మూడొంతులు పోయింది. మీకు అట్లా దొరికితే ముట్టుకోకండి. పెట్టెతో సహా, కదలకుండా చుట్టూ దూది పెట్టి దాచండి. పూర్తిగా మాడిపోయి ముట్టుకుంటే విరిగే నోట్లని మామూలు బ్యాంకు బ్రాంచి తీసుకోదు, రిజర్వ్ బ్యాంక్ ఇష్యూ ఆఫీసుకే వెళ్లాలి, అవి చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. అంచులు మాత్రమే కాలినవైతే బ్యాంకులోనే మారుస్తారు. 50, ఆపైన నోట్లకి 80 శాతం కంటే ఎక్కువ ముక్క మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం. బంగారం సంగతి వేరు, కరిగి గుండులా మారినా పోదు. పంచనామా అయ్యాక బీరువా ఉన్న చోట బూడిదని జల్లెడ పట్టి, నీళ్లలో గాలించండి. మా పిన్ని నల్లపూసల గొలుసు అట్లాగే దొరికింది, పూసలు లేకుండా.

కాలిన కాగితాలు తిరిగి తెచ్చుకోవడానికి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ఆధార్ వేలిముద్రతో మీసేవలో మళ్లీ తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, పొలం రికార్డులైన 1బీ, అడంగల్ మీభూమి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఇంటి స్థలం పట్టా అయితే తహసీల్దార్ ఆఫీసు రికార్డు నుంచి నకలు. వరసలో ఆధార్ ముందు తెచ్చుకోండి, మిగతావన్నీ దాని మీదే నడుస్తాయి. అట్లాగే మీ బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింకై ఉందో, ఉన్నది ఏ ఖాతాకో బ్యాంకులో అడిగి చూసుకోండి. మా వాళ్ల డబ్బు ఎప్పుడో ఉపాధి హామీ కోసం తీసి మర్చిపోయిన ఖాతాలో పడింది, రాలేదు రాలేదని నెల రోజులు తిట్టుకున్నాం.

ఇప్పుడు బూడిద ఎత్తొచ్చు. కానీ ఎట్లా పడితే అట్లా కాదు. 2025 జనవరి 7న అమెరికాలో లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్, ఈటన్ అనే రెండు కార్చిచ్చులు పుట్టి 16 వేలకి పైగా కట్టడాలు కాలిపోయాయి కదా, అక్కడ ప్రభుత్వం శిథిలాలు తీయడాన్ని రెండు దఫాలుగా పెట్టింది. మొదట పర్యావరణ సంస్థ వాళ్లు వచ్చి బ్యాటరీలు, రసాయనాల డబ్బాలు ఏరేశారు, ఆ తర్వాతే సైన్యం ఇంజినీర్లు బూడిద, శిథిలాలు ఎత్తారు. మన ఇళ్లలోనూ అవే ఉంటాయి, ఇన్వర్టర్ బ్యాటరీ, పాత ఫోన్లు, అటకమీద పురుగుమందు డబ్బాలు. అవి ముందు విడిగా తీసి, పిల్లలకీ పశువులకీ దూరంగా పెట్టండి, బావి పక్కన పారబోయకండి. సిమెంటు రేకులు కాలి పగిలి ఉంటే నీళ్లు చల్లి, మంచి మాస్కు పెట్టుకుని ఎత్తండి, మామూలు గుడ్డ ఆ దుమ్ముని ఆపదు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

లాస్ ఏంజెలెస్ సంగతి ఎత్తింది ఇంకో కారణానికి. అక్కడ మంటలు ఇంకా ఆరకముందే, జనవరి 12న కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. కాలిన ఇళ్లని తిరిగి కట్టుకునేవాళ్లకి పర్యావరణ సమీక్ష, తీరప్రాంత అనుమతి లాంటివి నిలిపేశారు. పాత ఇంటి కొలతకి 110 శాతం దాకా కట్టుకుంటే ఆ వెసులుబాటు. అంత డబ్బున్న దేశంలో కూడా ఉచితంగా శిథిలాలు ఎత్తించుకోవాలంటే ఇంటాయన "నా స్థలంలోకి రావచ్చు" అని ఒక ఫారం మీద సంతకం పెట్టి గడువులోగా ఇవ్వాల్సిందే. ఉత్తర్వు ఒక్కరోజులో వస్తుంది, ఫారం మాత్రం ఎవరిది వాళ్లే నింపాలి. మన దగ్గర కూడా మంత్రిగారు వచ్చి "అందరికీ ఇళ్లు కట్టిస్తాం" అని వెళ్తారు. ఆ తర్వాత కదిలేది మీ ఫైలే.

ఆ ఫైలు సంగతి. నష్టపరిహారం వేరు, కొత్త ఇల్లు మంజూరు వేరు. మొదటిది తహసీల్దార్ చేతిలో, రెండోది హౌసింగ్ శాఖ చేతిలో. ఊళ్లోని గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని కలవండి. మీ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ (నెల్లూరు వైపు నుడా, ఒంగోలు వైపు ఒడా) పరిధిలో ఉందో లేదో ముందే కనుక్కోండి, ఎందుకంటే దాన్ని బట్టి పల్లెటూరు కూడా పట్టణ పథకం కిందికి వెళ్లొచ్చు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో సొంత స్థలంలో కట్టుకుంటే కేంద్రం, రాష్ట్రం కలిపి 2.50 లక్షలు, ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్ల మధ్య. గ్రామీణ పథకంలో 1.20 లక్షలు, కనీసం 25 చదరపు మీటర్లు, దాంతో పాటు 90 రోజుల ఉపాధి కూలి, మరుగుదొడ్డికి 12 వేలు. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం కట్టడం మధ్యలో ఆగిపోయిన ఇళ్లకి ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు, చెంచుల లాంటి ఆదిమ తెగలకి లక్ష అదనంగా ఇస్తామంది. మీ ఇల్లు ఇంతకుముందే మంజూరై గోడల దాకా వచ్చి కాలితే అది అడగడం మర్చిపోకండి.

పెద్ద అడ్డంకి ఒకటుంది. పట్టణ పథకంలో గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి పథకం వాడుకున్నా అర్హత లేదు. అంటే 2008లో ఇందిరమ్మ ఇల్లు తీసుకుని, అదే ఇప్పుడు కాలిపోయినా కంప్యూటర్ "ఇప్పటికే లబ్ధిదారు" అంటుంది. అలాంటప్పుడు సచివాలయంలో వాదించి లాభం లేదు, వాళ్ల చేతిలో బటన్ లేదు. ఫైర్ సర్టిఫికెట్, పంచనామా, ఫోటోలు కుట్టి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. గ్రామీణ పథకంలో ప్రకృతి విపత్తుల లాంటి వాటికోసం కొంత కోటా విడిగా ఉంచుతారు, ఒక్క ఇంటికి కాదు, వాడ మొత్తం కాలినప్పుడు అది గట్టిగా అడగొచ్చు. రసీదు నంబరు దగ్గర పెట్టుకుని 1100కి ఫోన్ చేసి ఎక్కడుందో అడుగుతూ ఉండండి.

మంజూరు కాకుండా పునాది తీయకండి. ఇది మా ఊళ్లో ఇద్దరిని ముంచింది. ఖాళీ స్థలంలో మిమ్మల్ని నిలబెట్టి ఫోటో తీసి జియో ట్యాగ్ చేయాలి, ఆ తర్వాతే పని. ఆ తర్వాత కూడా బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, స్లాబ్, ఇట్లా ఒక్కో దశ ఫోటో ఎక్కితేనే ఒక్కో బిల్లు పడుతుంది. మేస్త్రీని రేపు రమ్మనేముందు అసిస్టెంట్‌ని ఇవాళ రప్పించండి. ఆ లోపల తలదాచుకోవడానికి రేకుల షెడ్డు వేసుకుంటే స్థలంలో ఒక పక్కకి వేయండి, నడిమధ్య వేస్తే దాన్నే ఇల్లని రాసేస్తారు.

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి పట్టణాల్లో సొంత డబ్బుతో కట్టుకునేవాళ్లకి ప్లాన్ పని ఇప్పుడు తేలికే, 2025 నుంచి 18 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకి లైసెన్స్ ఉన్న ఇంజినీరు స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. హోమ్ లోన్ ఉన్నవాళ్లు బ్యాంకులో పాలసీ కాపీ అడగండి. భారత్ గృహ రక్ష పాలసీ అయితే కార్చిచ్చు కూడా దాంట్లో ఉంటుంది, తిరిగి కట్టే ఖర్చు లెక్కన ఇస్తారు.

కట్టేటప్పుడు ఒకటే చెప్తాను. గోడకి ఆనుకుని అయిదడుగుల లోపల కాలేది ఏదీ ఉంచకండి, కట్టెల మోపు, పిడకలు, తడికల పందిరి ఏదైనా సరే. కాలిఫోర్నియాలో ఇళ్లు ఎక్కువగా అంటుకున్నది మంట తగిలి కాదు, గాలికి వచ్చిన రవ్వల వల్ల. మా బాబాయి ఇంటికి జరిగిందీ అదే. వామి ఈసారి చేలోనే వేయించాం, పిన్ని మాత్రం గేదెకి గడ్డి తేవడానికి అంత దూరం నడవాలని ఇప్పటికీ నన్నే తిడుతుంది.

చివరికి మీటరు. పాత సర్వీస్ నంబరు మీదే కొత్త మీటరు అడగండి, కొత్త కనెక్షన్ పెట్టుకోకండి. పాత నంబరు ఉంటేనే అక్కడ ముందునుంచీ ఇల్లుందని కాగితం మీద నిలుస్తుంది.